ఇల్లు నిలుపుట, ఇల్లు విడుచుట



‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అను సామెత మనకందరికిని తెలిసినదే. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము పెద్దలెవ్వరును అనలేదు. వారి కాలమున ఇల్లు అమ్ముకొనుట అరుదు. అమ్ముకొన్నను అది నలుగురిలో చెప్పుకొనదగిన విషయము కాదు. నేడు స్థితి మారినది. బిడ్డలు చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములకును విదేశములకును పోయిరి. పల్లెలలోను చిన్న పట్టణములలోను తాతలనాటి ఇండ్లకు తాళములు పడినవి. వాటిని కాపాడుట యెట్లు, అమ్మవలసివచ్చినచో అమ్ముట యెట్లు, విడిచిపోవుట యెట్లు అను ప్రశ్నలు మన కుటుంబములలో అన్నదమ్ముల నడుమ, అక్కచెల్లెండ్ర నడుమ నిత్యము పుట్టుచున్నవి. ఈ పాఠమున వాటినే విచారింతము.

నేను చెప్పబోవునది పుస్తకములలో చదివినది మాత్రమే కాదు. తాండూరు ప్రాంతమున ఒక గ్రామములో మా తాతగారు కట్టిన ఇంటిని మేము 2022లో అమ్మితిమి. ఆ పనిలో నేను చేసిన తప్పులు మరియొకరు చేయకుండవలెనని ఇది వ్రాయుచున్నాను.

1. ఇల్లు నిలుపుట

మాది మట్టి మిద్దె. తాండూరు సీమలో బండలకు కొదువ లేదు గనుక గోడలు రాతివి, నేల బండలది. రాళ్ళ నడుమ మాత్రము మన్ను. దూలములపై వాసములు వేసి, వాసములపై చెక్కలు పరచి, పైన జానెడు మందమున మన్ను పోసి దిమ్మిస కొట్టిన కప్పు. ఇట్టి ఇల్లు ఎండకాలమున చల్లగాను చలికాలమున వెచ్చగాను ఉండును. కాని దానికొక నియమము కలదు. ప్రతి యేట మృగశిర కార్తెకు ముందు, అనగా జూను మొదటి వారము లోపల, మిద్దెపైకి ఎక్కి గడ్డి పెరికి, బీటలు పూడ్చి, క్రొత్త మన్ను పోసి, వాననీరు పోవు తూములను శుభ్రము చేయవలెను. మా తండ్రిగారు జీవించియున్నంత కాలము ఈ పని తప్పలేదు. వారు 2011లో లింగైక్యులైరి. ఆ తరువాత రెండేండ్లు ఇంటిలోనే యుండిన మా తమ్ముడు చేయించెను. 2013లో అతడు పిల్లల చదువులకై హైదరాబాదు చేరెను. ఇంటికి తాళము పడెను. మిద్దెకు మన్ను పోయుటయు అంతటితో ఆగిపోయెను.

ఒక్క యేడు మానినచో ఏమగునని తలచెదము. మిద్దెపై మొలచిన గడ్డి వేళ్ళు మంటిలో దారులు చేయును. ఆ దారుల వెంట వాననీరు దిగును. క్రిందికి చుక్క రాలువరకు మనకు తెలియదు. అంతకు ముందే ఆ నీరు దూలపు కొనను, అనగా గోడలో దూరియున్న భాగమును, తడిపియుండును. తేమ యున్న చోటికే చెదలు వచ్చును. కనుక దూలపు నడిమి భాగము గట్టిగా కనబడుచుండగనే గోడలోని కొన పుచ్చిపోవుచుండును. దూలమును పరీక్షింపదలచినవారు నడుమ తట్టి చూచి తృప్తిపడరాదు. గోడ దగ్గర సన్నని మేకు గ్రుచ్చి చూడవలెను. మేకు సులభముగా దిగినచో ఆ దూలమునకు ఆయువు తీరినట్లే.

మేము చేసిన రెండవ తప్పు సిమెంటు పూత. గోడకు చెమ్మ పట్టినదని ఎవరో చెప్పిన సలహాపై పాత సున్నమును గీకించి సిమెంటు పూయించితిమి. మొదటి యేడు గోడ అద్దమువలె నుండెను. రెండవ యేడు బుడగలు లేచెను. మూడవ యేడు పెచ్చులు ఊడిపడెను. మన్నును సున్నమును లోపలి తేమను మెల్లగా బయటికి పోనిచ్చును. సిమెంటు పూత దానిని లోపలనే బంధించును. బంధింపబడిన తేమ రాళ్ళ నడుమనున్న మన్నును మెత్తపరచును. గట్టి వస్తువు పూసినచో గోడ గట్టిపడునని మేము అనుకొంటిమి. మంటితో కట్టిన గోడకు సున్నమే తగినదని మా తాతగారికి తెలిసినది మాకు తెలియలేదు.

మూడవ తప్పు తాళము వేసి మరచిపోవుట. మనుష్యులు మసలు ఇంటిలో దినమునకొకసారి చీపురు పడును. తలుపులు తెరచుటచే గాలి ఆడును. ఉరియు చోటు ఆ రాత్రియే కంటబడును. తాళము వేసిన ఇంటిలో ఎలుక త్రవ్విన బొరియ ఆరు నెలలకు గాని తెలియదు. గోడ సందున మొలచిన రావి మొక్క మొలకగా నున్నపుడు రెండు వ్రేళ్ళతో పెరికివేయవచ్చును. మేము చూచునప్పటికి దాని వేరు మూడు రాళ్ళను కదల్చియుండెను.

ఇన్ని నష్టములకు ధనము లేకపోవుట కారణము కాదు. అది ఎవరి పని అన్నది తేలకపోవుటయే కారణము. తమ్ముడు చేయించునని నేనును, అన్న డబ్బు పంపునని తమ్ముడును ఎదురుచూచితిమి. ఉమ్మడి ఇల్లు కలవారు ఏటికొకరు చొప్పున వంతు పెట్టుకొని, వేసవిలో ఒక వారము దినములు అక్కడ నుండి పని చేయించుటయు, అయిన ఖర్చును ఒక పుస్తకమున వ్రాసి అందరికి చూపుటయు మంచి పద్ధతి. ఆ పుస్తకము రేపు పంపకమునాడు సాక్ష్యముగా కూడ ఉపకరించును.

2. ఇల్లు ఎవరిది?

అమ్ముదమని నిశ్చయించిన పిదప మొదటి అడ్డంకి పత్రముల రూపమున వచ్చినది. మా ఇల్లు గ్రామకంఠములోనిది. ఇట్టి ఇండ్లకు పెక్కింటికి రిజిస్టరయిన దస్తావేజు ఉండదు. తాత కట్టెను, తండ్రి ఉండెను, మనము పుట్టితిమి, అంతియే. పంచాయతీ పుస్తకములోని ఇంటి నంబరును, ఇంటిపన్ను రశీదులును మాత్రమే ఆధారములు. దేశమంతట ఈ చిక్కు ఉండుటచేతనే కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించి, గ్రామములలోని నివాసస్థలములను డ్రోనులతో కొలిపించి హక్కు పత్రములిచ్చు పనికి పూనుకొన్నది.

మా రశీదులన్నియు తండ్రిగారి పేరనే యుండెను. అందులోను నాలుగేండ్ల పన్ను కట్టనే లేదు. బాకీ తీర్చి, మరణ ధృవీకరణ పత్రమును కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రమును పొంది, పంచాయతీ పుస్తకములో వారసుల పేర్లు ఎక్కించుకొనుటకు ఏడు నెలలు పట్టినది. తండ్రిగారి పేరు ఒక పత్రములో ఒక విధముగాను, మరియొక పత్రములో వేరొక విధముగాను ఉండుటచేతనే అందు రెండు నెలలు గడచినవి. పెద్దలు జీవించియుండగనే పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్ని పత్రములలో ఒక్క తీరుగా నున్నవో లేవో చూచుకొనుట మేలు. ఆ పని అప్పుడు ఒక పూట పని. తరువాత అది నెలల పని.

రెండవ అడ్డంకి మేమే కల్పించుకొన్నది. దానిని కొంత వివరముగా చెప్పవలెను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన రెండవ సెక్షనులోనే వీరశైవులను లింగాయతులను పేరుపెట్టి పేర్కొని తన పరిధిలో చేర్చినది. వీలునామా వ్రాయక మరణించిన తండ్రి ఆస్తిలో కుమార్తె, కుమారునితోపాటు మొదటి తరగతి వారసురాలని ఆ చట్టము చెప్పినది. అయినను కుటుంబము నివసించు ఇంటి విషయమున 23వ సెక్షను ఒక అడ్డు పెట్టియుండెను: మగ వారసులు పంచుకొనదలచువరకు ఆడబిడ్డ విభజన కోరరాదు. 2005 నాటి సవరణ ఆ సెక్షనును తొలగించినది. ఇక ఉమ్మడి పిత్రార్జితమున జన్మతః వచ్చు హక్కు మాట. నాటి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఆ హక్కు లభించెను. దేశమంతట కుమార్తెలందరికి 2005 సెప్టెంబరు 9 నుండి లభించెను. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదని సుప్రీం కోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. కావున ఆడబిడ్డను విడిచి ఇంటిని అమ్ముట ధర్మమును కాదు, చట్టమును కాదు.

మేము ముగ్గురము: అక్కగారు, నేను, తమ్ముడు. చట్టము నాకు తెలియకపోలేదు. అక్కగారి సంతకము కావలెనని తెలిసియే యుంటిని. అయినను ధర మాటలాడుట, బయానా తీసికొనుట, తేదీ నిర్ణయించుట అన్నియు మేమిద్దరమే చేసి, చివరకు ఆమెకు ఫోను చేసితిని. ‘అక్కా, సోమవారము రిజిస్ట్రీ ఉన్నది, వచ్చి ఒక్క సంతకము పెట్టిపో’ అంటిని. అవతల కొంతసేపు మాట లేదు. పిదప ఆమె ఇట్లనెను: ‘తమ్మీ, నన్ను ఇంటికి పిలిచినవా, సంతకానికి పిలిచినవా?’

నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆమె పెండ్లి ఆ ఇంటి వాకిటనే జరిగినది. మొదటి కాన్పు ఆ ఇంటి వెనుక గదిలోనే అయినది. అట్టి ఇంటిని అమ్మవలెనా వలదా అని ఆమెను అడిగినవారు లేరు.

మరునాడే నేనును తమ్ముడును ఆమె ఊరికి పోయి తప్పు ఒప్పుకొంటిమి. ఆమె అమ్మకమును వలదనలేదు. ధర యెంత, కొనువాడెవరు, తన వంతెంత అని అడిగి తెలిసికొనెను. ‘నా వంతు నేను తీసుకుంట. అది మీరు నాకిచ్చే కట్నమని అనుకోవద్దు, దయ అని అనుకోవద్దు’ అనెను. అప్పగించుటకు ముందు ఒక్క రాత్రి ముగ్గురము ఆ ఇంటిలో నిద్రింపవలెనని మాత్రము కోరెను. కొనువానికి చెప్పి తేదీని పది దినములు వెనుకకు జరిపితిమి. అందుచే ఎవరికిని నష్టము కలుగలేదు.

సంతకము అడుగుట వేరు, సమ్మతి అడుగుట వేరు. కార్యాలయమునకు మొదటిది చాలును. కుటుంబము నిలుచునది రెండవదానిచేతనే.

3. అమ్ముట

ఇల్లు అమ్మదలచినవానికి ఓర్పు మొదటి అవసరము. ఆదివారము వచ్చినచో ఎవరో ఒకరు వచ్చి చూచిపోవుదురు. ఒకరు గోడ తట్టి పెదవి విరుతురు. ఒకరు వాకిలి దిక్కు మంచిది కాదందురు. ఒకరు కూల్చుటకే ఇంత ఖర్చగునని ధర తగ్గింపజూతురు. పుట్టి పెరిగిన ఇంటికి పరులు వంకలు పెట్టుచుండగా విని ఊరకుండుట కష్టమే. కాని వారి దోషము లేదు. మనము ధర చెప్పునపుడు జ్ఞాపకములకు కూడ వెల కట్టుదుము. కొనువాడు స్థలమునకు గోడలకు మాత్రమే వెల కట్టును. ఈ తేడా తెలియకనే 2018లో వచ్చిన మంచి ధరను మేము అవమానముగా భావించి త్రోసివేసితిమి. రెండు వానాకాలములు గడచునప్పటికి పశువుల కొట్టము గోడ కూలెను. తుదకు అమ్మినది అంతకంటె తక్కువకే.

కొన్నవాడు అదే గ్రామపు యువకుడు, బండల పాలిషు పని చేయువాడు. వేసవిలో వచ్చెను. ఇల్లు ఎండి, క్రొత్తగా సున్నము వేసి తెల్లగా నుండెను. అన్ని గదులు తిరిగి చూచి అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘సారూ, వానకు మిద్దె ఉరుస్తదా?’ తమ్ముడు నా ముఖము చూచెను. అతని చూపునకు అర్థము నాకు తెలియును. ఒక్క క్షణము నా మనస్సును కూడ అటే పోయినదని దాచక చెప్పుచున్నాను. పిదప పడమటి గదిలో దూలపు కొన పుచ్చినదనియు, సిమెంటు పూత వెనుక చెమ్మ యున్నదనియు చెప్పి, మేకు గ్రుచ్చి చూపితిని. అతడు దూలము మార్చుటకగు ఖర్చును ధరలో తగ్గించుమనెను. తగ్గించితిమి. తమ్ముడు మూడు దినములు నాతో మాటలాడలేదు.

ఈ విషయమున చట్టమును తెలిసికొనదగినదే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 55వ సెక్షను, కొనువానికి తెలియనిదియు, అతడు సాధారణ శ్రద్ధతో కనుగొనలేనిదియు, అమ్మువానికి తెలిసినదియు అగు ముఖ్యమైన లోపమును చెప్పు బాధ్యతను అమ్మువానిపై ఉంచినది. అమ్మకపు తేదీవరకు గల పన్నులు అమ్మువాడే కట్టవలెనని కూడ అదే సెక్షను చెప్పును. దాదాపు నూటనలువదేండ్ల క్రిందటనే ‘తెలిసి దాచుట తప్పు’ అని వ్రాసియుంచిరి. గోడకు సున్నము వేయుట తప్పు కాదు. లోపమును కప్పుటకై వేసిన సున్నము తప్పు.

ధనము విషయమునను ఇట్టి పరీక్షయే యెదురగును. దస్తావేజులో ధర తగ్గించి వ్రాసి మిగిలినది నగదుగా తీసికొనుమని సలహా యిచ్చువారు ప్రతి ఊరనుందురు. స్థిరాస్తి అమ్మకమునకై 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసికొనుటను ఆదాయపు పన్ను చట్టము 2015 జూను 1 నుండి నిషేధించినది. మీరినచో అంత మొత్తము జరిమానా పడవచ్చును. అమ్మకముపై వచ్చిన లాభమునకు పన్ను కలదు. ఆ లాభముతో రెండేండ్లలోపల మరియొక నివాసగృహము కొన్నను, మూడేండ్లలోపల కట్టుకొన్నను నియమములకు లోబడి మినహాయింపు దొరకును. వారసులు పెక్కుమంది యున్నచో ఎవరి వంతునకు వారే లెక్క చూపవలెను. ఈ సంగతులను బయానా తీసికొనుటకు ముందే తెలిసినవారిని అడుగవలెను. తరువాత అడిగినచో సమాధానము దొరకును గాని ఉపయోగముండదు.

4. విడుచుట

ఇల్లు ఖాళీ చేయుటకు రెండు దినములు చాలుననుకొంటిమి. తొమ్మిది దినములు పట్టినది. గరిసె, ఇసురురాయి, రోలు, రాగి కాగు, తండ్రిగారి లెక్కల పుస్తకములు, ఎవరి పెండ్లిదో తెలియని పందిరి గుంజలు బయటపడినవి. ప్రతి వస్తువును చేతికి తీసికొని ఏదో ఒకటి తలచుకొని మరల అక్కడనే పెట్టుచుంటిమి. చివరకు అక్కగారే కొంగు బిగించి మూడు కుప్పలు వేయించెను: ఎవరి ఇంటికైన చేరవలసినవి, అక్కర యున్నవారికి ఈయవలసినవి, పారవేయవలసినవి.

మా నడుమ మాట పట్టింపు వచ్చినది ఇంటి ధరపై కాదు. ఒక ఇత్తడి బిందెపై. అది మా తల్లిగారిది. ముగ్గురికిని కావలెను; ముగ్గురి ఇండ్లలోను దానితో పని లేదు. దానిని మఠమున దాసోహపు వంటశాలకు ఇత్తమని అక్కగారనెను. అది అక్కడ నేడును వాడుకలో నున్నది. ఈ సందర్భమున ఒక మనవి. విరిగిన మంచములను, చెదలు తిన్న బీరువాలను మఠమునకు పంపి దానము చేసితిమని తలచువారు కలరు. పనికివచ్చు వస్తువును ఇచ్చుటయే ఇచ్చుట. పనికిరానిదానిని ఇతరుల వాకిట దింపిపోవుట ఇల్లు ఊడ్చుకొనుట మాత్రమే.

పాత కాగితములను తగులబెట్టుటకు ముందు ఒక్కొక్కటిగా విప్పి చూడుడు. ఏడు నెలలు వెదకినను దొరకని ఒక ఇంటిపన్ను రశీదు మాకు పాత పంచాంగము పుటల నడుమ కనబడినది. కరెంటు మీటరు, నల్లా, ఇంటిపన్ను కొన్నవాని పేరునకు మారువరకు వెంటబడవలెను. లేనిచో బాకీ నోటీసు మన పేరనే వచ్చును. అప్పగించు దినమున మీటరులోని అంకెను కాగితముపై వ్రాసి ఇరువురును సంతకము చేయుట మేలు. బ్యాంకు, రేషను కార్డు, గ్యాసు, చందా కట్టిన పత్రికలు, వీటన్నింటికి క్రొత్త చిరునామా తెలుపవలెను.

ఇంకొక చిన్న పని కలదు. ఇంటి గుట్టు ఇంటివానికే తెలియును. ఏ తూము త్వరగా పూడును, ఏ తలుపు వానకు బిగియును, నేలక్రింద నీటి గొట్టము ఎటు తిరుగును, ఏ గోడకు మేకు కొట్టరాదు అను సంగతులను రెండు పుటలలో వ్రాసి కొన్నవానికి ఇచ్చితిమి. అతడు దానిని మడచి దస్తావేజుతోపాటు దాచుకొనెను.

చివరి రాత్రి ముగ్గురము నడిమింటిలో బండలపై చాపలు పరచుకొని నిద్రించితిమి. తమ్ముడు నాతో ఆ రాత్రియే మరల మాటలాడెను. దూలము సంగతి అతడును ఎత్తలేదు, నేనును ఎత్తలేదు. తెల్లవారుజామున లేచి చూడగా అక్కగారు వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుచుండెను. ‘వచ్చేవాళ్ళు తొక్కేది’ అని మాత్రము అనెను.

5. స్థావరము, జంగమము

దస్తావేజులు వ్రాయువారు ఆస్తిని రెండు విధములుగా చెప్పుదురు: కదలనిది స్థావరము, కదలునది జంగమము. ఈ రెండు మాటలు మనకు క్రొత్తవి కావు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరులు ఈ రెంటిని ఎదురెదురుగా నిలిపి, జంగమమునే మిన్నగా చెప్పిరి. మన ఇష్టలింగము గోడలోని గూటిలో కాక దేహముపైననే యుండును గనుక, ఇల్లు మారినను మన పూజ తెగదు. విడుచునప్పటి దుఃఖమునకు ఇది గొప్ప ఊరట.

కాని ఈ ఊరటను సాకుగా చేసికొనరాదు. స్థావరము నశించునది గదా యని మిద్దెకు మన్ను పోయకుండుట వైరాగ్యము కాదు, సోమరితనము. ఇంట నున్నంత కాలము దానిని కాపాడుట ఒక కాయకము; లోపము దాచక అమ్ముట ఒక కాయకము; ఊడ్చి అప్పగించుట ఒక కాయకము. ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్మును మూడు వంతులు చేసి అదే దినమున పంచుకొంటిమి. నేటికిని పండుగకు మేము ముగ్గురము ఒకరింట కలియుచున్నాము. ఆ ఫోనులో అక్కగారు అడిగిన ప్రశ్నకు కోపము తెచ్చుకొనియుంటిమేని ఇల్లును పోయెడిది, ఈ కలయికయును పోయెడిది.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. మీ స్వగ్రామపు ఇంటి కప్పును చివరిసారి ఎవరు, ఏ యేట చూచిరి? రాబోవు యేడు వంతు ఎవరిది?

2. ఇంటిపన్ను రశీదు ఎవరి పేర నున్నది? పెద్దల పేర్లు అన్ని పత్రములలో ఒక్క తీరుగా నున్నవా?

3. ఇంటి విషయమున మీ అక్కచెల్లెండ్ర అభిప్రాయమును ఎన్నడైన అడిగితిరా? లేక సంతకము మాత్రమే అడిగితిరా?

4. మీ ఇంటి లోపములలో కొనువానికి చెప్పుటకు మీరు సంకోచించునది ఏది?

5. రేపు ఇల్లు విడువవలసివచ్చినచో, తరువాత వచ్చువారికి వ్రాసి ఈయవలసిన సంగతులేవి?

ఈ ప్రశ్నలను కుటుంబమంతయు కూడినపుడు, ఆడబిడ్డలు కూడ ఉన్నపుడు, చదివి విచారింప ప్రార్థన.